గీత దాటడం వేరు, ఆశ్రయం అడగడం వేరు

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం ఒకటి 104 మంది భారతీయులను తెచ్చి అమృత్‌సర్‌లో దించింది. బేడీలతో, కాళ్లకు గొలుసులతో ఉన్న ఫొటోలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి. ఆ విమానంలో వచ్చినవాళ్లలో పంజాబ్, హర్యానా, గుజరాత్ వాళ్లే ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం జనం పోయే దారులు వేరు. గల్ఫ్‌లో వెల్డింగు పని, సింగపూర్, మలేసియా కంపెనీలు, గుజరాత్‌లో వెరావల్ రేవు చేపల బోట్లు. అయినా ఆ రోజు నుంచి ఇక్కడ కూడా రెండు మాటలు గట్టిగా వినబడుతున్నాయి. దొంగదారిన దూరినవాడికి బేడీలు కాక పూలదండలు వేస్తారా అన్నది ఒకటి. లోపల అడుగుపెట్టి 'అసైలం' (ఆశ్రయం) అన్నాక వాణ్ని ఎవడూ కదపలేడు అన్నది రెండోది. ఈ రెండో మాట ఎక్కువగా ఏజెంట్ల నోట వస్తుంది. దానికి రేటు కూడా వాళ్లే చెబుతారు.

రెండింట్లోనూ సగం నిజం ఉంది. సరిహద్దులో పట్టుబడ్డ మనిషిని చట్టం రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఎలా వచ్చావు, ఎందుకు వచ్చావు? మొదటిది నేరం సంగతి, రెండోది రక్షణ సంగతి. మొదటిదానికి జవాబు తప్పుగా ఉన్నంత మాత్రాన రెండోది అడగకుండా వెనక్కి నెట్టేయకూడదని రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశాలు ఒప్పుకున్నాయి. ఆ యుద్ధ కాలంలో యూరప్ నుంచి పారిపోయి వచ్చిన యూదులను వీసా లేదని తిప్పి పంపిన దేశాలే అవి.

ఆ ఒప్పుదలే 1951 శరణార్థుల ఒప్పందం. అందులో 33వ అధికరణ, ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి మనిషిని తిరిగి పంపకూడదంటుంది. ఆ దేశ భద్రతకే ప్రమాదమైన వాళ్లకు, ఘోర నేరానికి శిక్ష పడి అక్కడి సమాజానికి ప్రమాదమైన వాళ్లకు మాత్రం మినహాయింపు. 31వ అధికరణ అనుమతి లేకుండా సరిహద్దు దాటిన శరణార్థిని శిక్షించకూడదంటుంది, కానీ మూడు షరతులు పెట్టింది. ముప్పున్న చోటు నుంచి నేరుగా వచ్చి ఉండాలి. ఆలస్యం చేయకుండా అధికారుల ముందు హాజరు కావాలి. అలా రావడానికి తగిన కారణం చూపాలి. ఏజెంట్లు ఈ అధికరణ గురించి చెబుతారు గానీ షరతుల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. 'నేరుగా' అన్న షరతు మీదే ఇప్పటి గొడవల్లో సగం నడుస్తున్నాయి. ఫ్రాన్స్ దాకా క్షేమంగా వచ్చినవాడు రబ్బరు పడవెక్కి ఇంగ్లండు చేరితే నేరుగా వచ్చినట్టా, కాదా? దారిలో ఎనిమిది దేశాలు దాటి మెక్సికో గోడ దగ్గర తేలినవాడి మాటేమిటి?

అమెరికా చట్టంలో ఈ చిక్కు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వలస చట్టం 208వ సెక్షన్ ప్రకారం ఆ దేశం గడ్డ మీదకు వచ్చినవాళ్లు, అధికారిక ప్రవేశద్వారం గుండా వచ్చినా రాకపోయినా, ఆశ్రయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదే చట్టంలో ఇంకో సెక్షన్, తనిఖీ తప్పించుకుని దాటడం నేరమని, మొదటిసారికి 6 నెలల వరకు, మళ్లీ చేస్తే 2 ఏళ్ల వరకు జైలని చెబుతుంది. ఒకటి ఇంకొకదాన్ని కొట్టేయదు. దాటినందుకు కేసు పెట్టవచ్చు, ఆశ్రయం మాత్రం వినాలి. బేడీలు వేయరా అన్న మొదటి వర్గం రెండో సెక్షన్ చదివింది. కదపలేరన్న ఏజెంటు మొదటిదాన్ని సగం చదివాడు. దరఖాస్తు పెట్టుకోవడం హక్కు, ఆశ్రయం దొరకడం హక్కు కాదు.

దొరకాలంటే ఏం చూపాలి? హింసకు గురయ్యాననో, గురవుతాననే భయానికి ఆధారం ఉందనో చూపాలి. ఆ హింస ఐదు కారణాల్లో ఒకదాని వల్ల జరుగుతూ ఉండాలి: జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం. హింసించేది ప్రభుత్వమే కావాలి, లేదా ప్రభుత్వం ఆపలేని, ఆపడానికి ఇష్టపడని వాళ్లు కావాలి. పేదరికం ఈ జాబితాలో లేదు. నిరుద్యోగం లేదు. అప్పు లేదు.

శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం సంగతే తీసుకుందాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి తోటలు వేర్లతో సహా లేచిపోయాయి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. మొక్క నాటితే మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఆ లోపు ఇంట్లో పొయ్యి వెలగాలి. దానికి తోడు ఊరూరా కిడ్నీ జబ్బు, వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్. బతకడానికి ఊరు విడవడానికి ఇంతకంటే గట్టి కారణం ఏం కావాలి? అయినా 1951 ఒప్పందం కింద ఈ మనిషి శరణార్థి కాడు. తుపానుకు పగ ఉండదు, ఫలానా కులమనో మతమనో చూసి కొట్టదు. సముద్రం పెరిగి బతకలేకపోతున్నామంటూ కిరిబాటి దీవుల మనిషి ఒకరు న్యూజిలాండ్‌లో ఆశ్రయం అడిగి ఓడిపోయి, ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లారు. 2020 జనవరిలో వెల్లడైన తీర్పులోనూ ఆయన గెలవలేదు. ముందుముందు పరిస్థితి విషమిస్తే అలాంటివాళ్లను వెనక్కి పంపకూడని రోజు రావచ్చని మాత్రం కమిటీ అంది. అంతవరకే.

సరే, పేదరికం కాదు, నిజంగానే రాజకీయ కక్ష అనుకుందాం. పంచాయతీ ఎన్నికల్లో ఓడిన వర్గం ఇల్లు తగలబెట్టి చంపుతామంది, స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోలేదు. ఈ కేసు ఐదు కారణాల్లో పడుతుంది. అప్పుడు భారతీయులను ఎక్కువగా దెబ్బతీసే ప్రశ్న ఎదురవుతుంది: మీ దేశంలోనే ఇంకోచోటికి ఎందుకు పోలేదు? ఇచ్ఛాపురంలో శత్రువుంటే హైదరాబాద్‌లో ఉన్నాడా, సూరత్‌లో ఉన్నాడా? హింసించేది ప్రభుత్వం కానప్పుడు, ఇప్పటికే హింసకు గురైనట్టు రుజువు కాకపోతే, వేరేచోట క్షేమంగా బతకలేనని నిరూపించే భారం దరఖాస్తుదారుడిదే. ఇక్కడి ఇళ్లలో ఎవరో ఒకరు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిచేస్తూనే ఉంటారు. అదే మాట ఇంటర్వ్యూలో చెప్పగానే కేసు సగం పోయినట్టే.

ఆ ఇంటర్వ్యూ ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే తప్పులన్నీ అక్కడే పుడతాయి. 1996లో అమెరికా చట్టంలో వచ్చిన మార్పు ప్రకారం సరిహద్దులో పట్టుబడ్డవాణ్ని జడ్జి ముందుకు తీసుకెళ్లకుండానే త్వరితగతిన పంపేయవచ్చు. తిరిగి వెళ్తే ప్రమాదమని అతను నోరు తెరిచి చెబితేనే ఆశ్రయ అధికారి ముందుకు పంపుతారు. ఆ అధికారి చాలాసార్లు ఫోన్‌లోనే మాట్లాడతాడు, దుభాషి ఇంకో ఫోన్ లైన్‌లో ఉంటాడు. నిర్బంధ కేంద్రంలో నిద్రలేని మనిషి, ఎటునుంచో వినబడే తెలుగు, ఇక్కడి యాస తెలియని దుభాషి. ఈ దశలో గెలవడానికి పూర్తి రుజువు అక్కర్లేదు, కేసు నెగ్గే గట్టి అవకాశం ఉందనిపిస్తే చాలు. అధికారి కాదంటే వలస జడ్జితో ఒకసారి సమీక్ష అడగవచ్చు, అదీ కొద్ది రోజుల్లో ముగిసిపోతుంది. అక్కడా ఓడితే విమానమే.

నెగ్గితే అసలు కేసు వలస కోర్టుకు వెళ్తుంది. దేశంలోకి వచ్చిన ఏడాది లోపు ఐ-589 అనే దరఖాస్తు వేయాలి. గడువు దాటితే కొద్ది మినహాయింపులు తప్ప తలుపు మూసుకున్నట్టే. కోర్టులో కావలసింది ఆధారమున్న భయం. 1987లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పిందాన్ని బట్టి, హింస జరిగే అవకాశం పదింట ఒక వంతున్నా భయానికి ఆధారం ఉన్నట్టే. వినడానికి తేలికగా ఉంటుంది. కానీ మొదటి రోజు ఫోన్‌లో చెప్పింది, దరఖాస్తులో రాసింది, కోర్టులో పలికింది, మూడూ పక్కపక్కన పెట్టి చదువుతారు. 2005 నాటి సవరణ తర్వాత, కేసుకు మూలం కాని చిన్న విషయంలో తేడా వచ్చినా మనిషి మాట నమ్మదగింది కాదని జడ్జి తేల్చవచ్చు. ఇల్లు తగలబెట్టింది శుక్రవారమా శనివారమా అన్న తేడా కూడా చాలు.

ఏజెంటు అమ్మే కథ కూలిపోయేది ఇక్కడే. ఒకే కథను పేర్లు మార్చి పదిమందికి ఇస్తాడు. పార్టీ పేరు, దాడి చేసిన వాళ్ల సంఖ్య, ఆస్పత్రి చీటీ, అన్నీ ఒకే అచ్చు. జడ్జీలు ఆ అచ్చును గుర్తుపట్టడానికి ఎంతోకాలం పట్టదు. తెలిసి తెలిసి కల్పించిన దరఖాస్తని జడ్జి తేలిస్తే, ఆ మనిషికి అమెరికాలో ఇక జన్మలో ఏ వలస ప్రయోజనమూ దక్కదు. తర్వాత అక్కడి పౌరురాల్ని పెళ్లాడినా సరే. ఈ సంగతి ఏ ఏజెంటూ ముందు చెప్పడు. త్వరితగతిన పంపేస్తే 5 ఏళ్లు, జడ్జి ఉత్తర్వుతో పంపితే సాధారణంగా 10 ఏళ్లు తిరిగి రాకూడదు. పంపేశాక మళ్లీ దొంగదారిన దూరితే శాశ్వత నిషేధం.

మరి ఇంత గట్టి వడపోత ఉంటే లక్షలమంది ఎందుకు పోయారు? ఏజెంటు అమ్మింది ఆశ్రయం కాదు, వాయిదా. అమెరికా వలస కోర్టుల్లో 30 లక్షలకు పైగా కేసులు పేరుకుపోయాయి. తీర్పు రావడానికి ఏళ్లు పట్టేది. దరఖాస్తు వేసిన 180 రోజులకు పని చేసుకునే అనుమతి వచ్చేది. చివరికి ఓడినా మధ్యలో నాలుగైదేళ్లు సంపాదించుకోవచ్చన్నదే అసలు లెక్క. మన సివిల్ కోర్టుల్లో భూమి కబ్జా చేసినవాడు కేసు గెలవాలని చూడడు, సాగదీయాలని చూస్తాడు, ఇదీ అలాంటిదే. ఈ చర్చలో జనం చట్టం మెతకదా, గోడ పొట్టిదా అని తన్నుకుంటారు గానీ గుట్టంతా ఆ ఏళ్ల ఆలస్యంలోనే ఉంది. ఆ ఆలస్యం నిజంగా ప్రాణభయంతో వచ్చినవాణ్ని ఏళ్ల తరబడి గాల్లో వేలాడదీస్తుంది, భయం లేకుండా వచ్చినవాడికి జీతం ఇస్తుంది.

సరిహద్దు కట్టడి కావాలనేవాళ్ల వాదనకు బలం ఇక్కడే ఉంది. వీసా కోసం ఏళ్లుగా వరుసలో నిలబడ్డవాడు వెర్రివాడవుతున్నాడు, డబ్బంతా అడవుల్లో మనుషుల్ని దాటించే ముఠాలకు పోతోంది అంటారు. అబద్ధం కాదు. ఆశ్రయ హక్కును కాపాడాలనేవాళ్ల వాదనకు బలం వేరేచోట ఉంది. 'ప్రాణభయం' అని రాసి వీసా అడిగితే ఏ రాయబార కార్యాలయమూ ఇవ్వదు. వీసా లేనివాణ్ని ఎక్కించుకుంటే విమాన సంస్థకు జరిమానా పడుతుంది కాబట్టి కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. అంటే నిజమైన శరణార్థికి కూడా దొంగదారి తప్ప దారి మిగలదు. అందుకే ఆ దారిలో ఇద్దరూ కలిసే నడుస్తారు, చూపుకు తేడా తెలియదు.

ప్రభుత్వాలు చేసిన ప్రయోగాల్లో చాలావరకు ఎందుకు వచ్చావన్న ప్రశ్నను తప్పించేవే. కొవిడ్ పేరుతో 2020 మార్చి నుంచి 2023 మే 11 దాకా అమెరికా సరిహద్దులో వినకుండానే వెనక్కి పంపారు. తర్వాత ఫోన్ యాప్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని రమ్మన్నారు, 2025 జనవరి 20న ఆ యాప్ కూడా ఆపేశారు. అదే రోజు ట్రంప్ దక్షిణ సరిహద్దు దాటినవాళ్లకు ఆశ్రయమే లేదన్నారు. అధ్యక్షుడికి ఆ అధికారం చట్టం ఇవ్వలేదని జులై 2న ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు, దాని మీద ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. అదే నెలలో ఆశ్రయ దరఖాస్తుకు చరిత్రలో మొదటిసారి 100 డాలర్ల రుసుము, కేసు తేలేదాకా ఏటా మరో 100 పెట్టారు. బ్రిటన్ పడవల్లో వచ్చినవాళ్లను రువాండాకు పంపాలని చూస్తే అక్కడి సుప్రీంకోర్టు 2023 నవంబరు 15న కుదరదంది. పోలండ్ 2025 మార్చిలో బెలారస్ సరిహద్దులో ఆశ్రయ దరఖాస్తులే నిలిపేసింది. బ్రిటన్ భారతదేశాన్ని 'సురక్షిత దేశాల' జాబితాలో చేర్చింది, యూరోపియన్ కమిషన్ కూడా 2025 ఏప్రిల్‌లో ప్రతిపాదించిన జాబితాలో మన పేరు పెట్టింది. అలాంటి జాబితాలో ఉన్న దేశం నుంచి వెళ్లినవాడి దరఖాస్తు అనుమానంతోనే మొదలవుతుంది. ఇవన్నీ కలిపినా, ఆర్నెల్లలో తీర్పు చెప్పేంతమంది జడ్జీలను, దుభాషులను పెడితే వచ్చేపాటి ఫలితం రాదు. అలా చేస్తే వాయిదా అమ్మేవాడి దుకాణం మూతపడుతుంది, నిజమైన బాధితుడు త్వరగా ఒడ్డున పడతాడు. కానీ జడ్జీల నియామకం ఎన్నికల సభల్లో చప్పట్లు తేదు.

మన దేశం సంగతి చూస్తే ఇంకో వింత. భారత్ 1951 ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, శరణార్థులకంటూ చట్టమూ లేదు. కానీ ఇచ్ఛాపురం, పలాస వాళ్లు సెలవు రోజున చూసి వచ్చే జిరాంగ్ బౌద్ధ విహారం ఉన్నది శరణార్థుల ఊళ్లోనే. ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరిలో 1963లో టిబెటన్లకు భూమి ఇచ్చి స్థిరపరిచారు. చట్టంతో కాదు, ప్రభుత్వ నిర్ణయంతో. శ్రీలంక తమిళుల సంగతీ అంతే. అఫ్గాన్లు, మయన్మార్ వాళ్లను మాత్రం ఢిల్లీలోని ఐక్యరాజ్య సమితి శరణార్థుల కార్యాలయం నమోదు చేసుకుని కార్డులిస్తుంది, ఆ కార్డుకు మన చట్టంలో గట్టి విలువేమీ లేదు. 1960ల్లో బర్మా నుంచి ఓడల్లో తిరిగొచ్చి విశాఖ బర్మా క్యాంపులో దిగినవాళ్లను కూడా శరణార్థులనే అనేవారు, చట్టం దృష్టిలో మాత్రం వాళ్లు స్వదేశానికి తిరిగొచ్చినవాళ్లు.

2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న వలసలు, విదేశీయుల చట్టం పాత నాలుగు చట్టాలను రద్దు చేసి వాటి చోట వచ్చింది. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా వచ్చిన విదేశీయుడికి 5 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. శరణార్థి అన్న మాట ఆ చట్టంలో ప్రత్యేక వర్గంగా లేదు. మినహాయింపులు ఉత్తర్వుల రూపంలో వస్తాయి: పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్థాన్ నుంచి 2024 డిసెంబరు 31 లోపు వచ్చిన మైనారిటీ మతాలవాళ్లకు ఒకటి, 2015 జనవరి 9కి ముందు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు ఒకటి. ఆ జాబితాలో లేని రోహింగ్యాల విషయంలో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో, పద్ధతి ప్రకారం అయితే పంపవచ్చంది. 1996లో అదే కోర్టు, అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో, మన రాజ్యాంగం 21వ అధికరణ కింద ప్రాణరక్షణ విదేశీయుడికీ ఉందని చెప్పి ఉంది. బేడీల ఫొటోలు చూసి అమెరికాను తిట్టినవాళ్లు, మెచ్చుకున్నవాళ్లు కూడా ఈ రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చదివితే బాగుంటుంది.

ఇక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నిజంగా ఎక్కువగా జరిగే సరిహద్దు దాట్లకు ఆశ్రయంతో సంబంధమే లేదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని బ్యాంకాక్ విమానం ఎక్కించి, అక్కడి నుంచి రాత్రిపూట నది దాటించి మయన్మార్‌లోనో, లేదంటే కంబోడియాలోనో సైబర్ మోసాల ముఠాలకు అప్పగించడం ఒక రకం. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు తర్వాత ఉత్తరాంధ్ర కుటుంబాలు చాలా ఫిర్యాదులు చేశాయి. పాస్‌పోర్టు మీద ముద్ర లేకుండా దాటినందుకు ఆ కుర్రాడు నేరస్థుడిలా కనిపిస్తాడు, చట్టం మాత్రం అతన్ని అక్రమ రవాణా బాధితుడంటుంది. భారత్ 2011లో ఆమోదించిన ఐక్యరాజ్య సమితి ప్రొటోకాల్స్ ప్రకారం, దాటించినవాడిది నేరం గానీ, దాటించబడ్డందుకే మనిషిని శిక్షించకూడదు. ఇక్కడ పంపిన ఏజెంటు మీద భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద కేసు పెడితే 7 నుంచి 10 ఏళ్ల శిక్ష పడవచ్చు. కానీ చాలా కుటుంబాలు డబ్బు వెనక్కిస్తే చాలని రాజీ పడతాయి, కేసు మోసం దగ్గరే ఆగిపోతుంది. నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగలిగింది 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. విజిటింగ్ వీసా మీద పని అన్నా, లక్షల్లో అడిగినా, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు పేరు లేకపోయినా అక్కడితో ఆగిపోవాలి.

రెండో రకం చేపల వేట. 2018 నవంబరులో వెరావల్ బోట్ల మీద వెళ్లి పాకిస్థాన్‌కు చిక్కిన మనవాళ్లు 20 మంది వాఘా దాటి తిరిగొచ్చేసరికి 2020 జనవరి అయింది. వాళ్లలో ఎక్కువమంది ఎచ్చెర్ల తీరం, పూసపాటిరేగ తీరం ఊళ్లవాళ్లు. 2025 అక్టోబరులో విజయనగరం జిల్లా మత్స్యకారులు బంగాళాఖాతంలో బంగ్లాదేశ్ జలాల్లోకి వెళ్లి పట్టుబడ్డారు. బంగ్లాదేశ్‌తో సముద్ర సరిహద్దు 2014 జులైలో అంతర్జాతీయ తీర్పుతో తేలింది. పాకిస్థాన్‌తో గుజరాత్ తీరంలోని సర్ క్రీక్ దగ్గర ఇప్పటికీ తేలలేదు. నీళ్ల మీద గీత ఉండదు. ఇంజిన్ ఆగితే ప్రవాహం ఎటు లాగితే అటే బోటు, వల వదిలి వెనక్కి రాలేరు, తండేలు (బోటు నడిపే పెద్ద) జీపీఎస్ చూసుకునేలోపు గన్‌బోటు వచ్చేస్తుంది.

తీరానికి 12 నాటికల్ మైళ్లు దాటాక, 200 మైళ్ల లోపు ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలు పట్టినందుకు, దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే జైలు శిక్ష వేయకూడదని, పూచీ తీసుకుని బోటునూ మనుషులనూ త్వరగా వదిలేయాలని సముద్ర చట్టాల ఒప్పందం 73వ అధికరణ చెబుతుంది. మూడు దేశాలూ దాన్ని ఆమోదించాయి. అమలులో మాత్రం విదేశీయుల చట్టం కింద కేసు పెట్టి లోపల వేస్తారు. చేపల నేరానికి పడకూడని జైలు, దేశంలోకి దూరిన నేరానికి పడుతుంది. మన వైపు పట్టుబడ్డ పాకిస్థానీ జాలర్లకూ ఇదే గతి.

శిక్ష ముగిసినా విడుదల కాకపోవడానికి పెద్ద కారణం పౌరసత్వ నిర్ధారణ. 2008 ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్థాన్ రెండూ ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి, అరెస్టయిన మూడు నెలల్లో కాన్సులర్ అధికారులను కలవనివ్వాలి, శిక్ష పూర్తయి పౌరసత్వం రూఢి అయిన నెలలో వదలాలి. ఆ రూఢి చేసే కాగితం ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి జిల్లా పోలీసులకు, చివరికి మండల స్టేషన్‌కు వస్తుంది. ఉర్దూలో విని రాసుకున్న పేరు ఇంగ్లిష్‌లోకి మారి, ఇంటిపేరు ముందూ వెనకా అయి ఇక్కడి ఆధార్‌తో కలవకపోతే కాగితం వెనక్కి వెళ్లి మళ్లీ రావాలి. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరుతో నలుగురుండే పేటల్లో తండ్రి పేరు కూడా తేడా పడితే ఇంకో చుట్టు. అందుకే వెరావల్ బయల్దేరేముందు ఆధార్, రేషన్ కార్డు, మత్స్యకార గుర్తింపు కార్డుల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకుని, వాటి నకళ్లతో పాటు బోటు నంబరు, యజమాని పేరు, తండేలు ఫోన్ నంబరు ఇంట్లో ఇచ్చి వెళ్లాలి. బోటు పట్టుబడ్డ కబురు రాగానే ఆ కట్టతో మత్స్యశాఖ కార్యాలయానికి, స్టేషన్‌కు వెళ్తే ఢిల్లీ కాగితం వచ్చేలోపే ఇక్కడి జవాబు సిద్ధంగా ఉంటుంది.